ఐపీ పెట్టిన తర్వాత హేజెల్

హేజెల్ ఆర్మరాడ్ తన బేకరీ తలుపుకు అంటించిన కాగితాన్ని మొదట చదివినవాళ్ళలో నేనొకదాన్ని. ఎదురుగా ఉన్న మందుల షాపులో నాది ఉద్యోగం. ఆ పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి ఆమె మునివేళ్ళ మీద నిలబడి కాగితం మూలలకు టేపు వేస్తోంది. రోడ్డు దాటి వెళ్ళి చూశాను. "బేకరీ మూసేశాను. నేను దివాలా తీశాను. ఎవరికైనా ఏమైనా అడగాలనుంటే నన్నే అడగండి. ఊళ్ళోనే ఉంటాను. హేజెల్" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

"ఇంత బాహాటంగా రాయాలా, హేజెల్?" అన్నాను.

"రాయకపోతే ఊరు రాస్తుంది. నాకంటే బాగా రాస్తుంది కూడా" అని టేపు చుట్ట నా చేతిలో పెట్టింది. "ఇది మీ షాపుదే. పోయిన వారం తీసుకున్నా."

మన వైపు ఐపీ పెట్టడమంటే చాలామందికి గుర్తొచ్చేది రాత్రికి రాత్రి సామాను లారీకెక్కించి ఊరు దాటేసిన మనిషి. ఈ పరాయి దేశంలో నేనుంటున్న ఊరు పాడిహమ్‌లోనూ అలాంటివాళ్ళు లేకపోలేదు. హేజెల్ మాత్రం ఆ మధ్యాహ్నం ఎప్పటిలాగే సంచీ పట్టుకుని కూరగాయలకు వెళ్ళింది. దారిలో ముగ్గురు ఆపారు. ముగ్గురికీ నిలబడి జవాబు చెప్పింది.

ఆ బేకరీ వాళ్ళమ్మ పెట్టింది. జాజికాయ పొడి చల్లిన కస్టర్డ్ టార్టులకు, మాంసమూ బంగాళదుంపా కూరిన పేస్టీలకు శుక్రవారాల్లో జనం వంతెన దాకా బారులు తీరేవారు. తల్లి పోయాక ఇద్దరు పనమ్మాయిలను పెట్టుకుని హేజెల్ నడిపింది. ఒక ఏడాది క్రిస్మస్ మరునాడు కాల్డర్ నది పొంగి మా వీధిలోకి వచ్చింది. బేకరీలో నడుంలోతు నీళ్ళు. రెండు పొయ్యిలూ, పిండి కలిపే యంత్రమూ, పండగ తర్వాతి వారానికని తెచ్చిపెట్టిన పిండి బస్తాలూ అన్నీ పోయాయి. నది ఒడ్డు దుకాణాలకు వరద బీమా ఇవ్వడానికి ఏ కంపెనీ ముందుకు రాదు. ఆమెకూ లేదు.

బురద ఎత్తిపోసి, బ్యాంకులో అప్పు తెచ్చి, కొత్త పొయ్యిలు పెట్టింది. పిండివాళ్ళూ గుడ్లవాళ్ళూ సరుకు అరువిచ్చారు. తీరా దుకాణం తెరిచాక, వరదకు దెబ్బతిన్న వంతెనను మరమ్మతులకని మూసేశారు. ఏడాది పైన పట్టింది. అవతలి ఒడ్డున ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం తిండికి వేరే దారి చూసుకున్నారు. వంతెన తెరిచినా వాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు.

ఒక ఆదివారం కూతురు టెస్సా బేకరీకి వచ్చింది. దంతవైద్యుడి దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది టెస్సా. ఆ రోజు జరిగింది తనే నాకు చెప్పింది.

"అమ్మా, ఈ నెల నీ జీతం తీసుకున్నావా?"

"తీసుకుంటాలే."

"పోయిన నెల?"

హేజెల్ పిండి పిసుకుతూనే ఉంది. "పనమ్మాయిలిద్దరికీ ఇచ్చేశాను. వాళ్ళకి ఆపలేదు."

"క్రెడిట్ కార్డు మీద తీసి ఇచ్చావు. నేను చూశాను."

"చూసి మళ్ళీ ఎందుకడుగుతున్నావే?"

"నీ నోటితో చెప్తావేమోనని."

అప్పుల్లో మునిగినవాళ్ళకు ఉచితంగా సలహా చెప్పే సంస్థ ఒకటి ఉంది. తల్లీకూతుళ్ళిద్దరూ అక్కడికి వెళ్ళారు. అక్కడి పెద్దమనిషి కాగితాలన్నీ చూసి, పక్కన పెట్టి, దివాలా తప్ప దారి లేదన్నాడు. దానికీ ఫీజు ఉంటుందని చెప్పాడు.

"డబ్బు లేదని చెప్పడానికి కూడా డబ్బు కట్టాలా?" అంది హేజెల్.

"కట్టాలమ్మా. నేనూ ఏళ్ళుగా ఇదే అడుగుతున్నాను" అన్నాడాయన.

ఫీజు టెస్సా కట్టింది. తర్వాత దివాలా వ్యవహారాల అధికారి ఫోన్ చేసి నగలున్నాయా, కారుందా, ఎవరికైనా ఏమైనా రాసిచ్చారా అని గుచ్చిగుచ్చి అడిగాడు. చివరిసారి సెలవులకు ఎక్కడికి వెళ్ళారని కూడా అడిగాడు. "బ్లాక్‌పూల్ సముద్రానికి. వాన పడింది" అందట హేజెల్. పొయ్యిలను వేలం మనుషులు వచ్చి తీసుకెళ్ళారు. దుకాణం అద్దెది, పైనున్న ఇల్లు కూడా ఆ అద్దెలోదే కాబట్టి అదీ వదిలేసి కూతురింట్లో చిన్న గదిలోకి మారింది.

ఉద్యోగం త్వరగానే దొరికింది, బడి వంటగదిలో. జీతం వెయ్యడానికి బ్యాంకు ఖాతా కావాలన్నారు. ఉన్న ఖాతాను పాత బ్యాంకు మూసేసింది. ఇంకో బ్యాంకు పొమ్మంది. మూడో బ్యాంకులో ఒక కుర్రాడు కంప్యూటర్ వంక చాలాసేపు చూసి, "ప్రస్తుతానికి మీకు బేసిక్ ఖాతా ఒక్కటే ఇవ్వగలం" అన్నాడు.

"అంటే?"

"జీతం పడుతుంది, బిల్లులు కట్టుకోవచ్చు. ఓవర్‌డ్రాఫ్ట్ ఉండదు, అంటే ఉన్నదానికి మించి తీయలేరు. వ్యాపారం డబ్బు ఇందులోకి రాకూడదు."

"చిన్నపిల్లలకిచ్చే ఖాతా లాంటిదన్నమాట."

"దాదాపు అలాంటిదే" అనేసి కుర్రాడు నాలిక్కరుచుకున్నాడు. 

హేజెల్ సంతకం పెట్టింది. బయటికొచ్చి బస్టాపులో కూర్చుని ఏడ్చిందని నాకు తర్వాతెప్పుడో చెప్పింది. "దివాలా తీసిన రోజు ఏడవలేదు. ఆ పిల్లాడు ఎర్రబడ్డాడు చూడు, అప్పుడొచ్చింది ఏడుపు. ఎప్పటికైనా నిండు ఖాతా తెచ్చుకుంటాను, అందులో వ్యాపారం డబ్బే వేస్తాను అని అక్కడే అనుకున్నా. అంతలో బస్సొచ్చింది."

ఆ ఏడాది ఆమెకు అన్నిటికంటే బరువైంది బ్యాంకు కాదు, నార్మన్ ఇంగమ్. కొండ పక్కన కోళ్ళ ఫారం ఆయనది. హేజెల్ వాళ్ళమ్మ కాలం నుంచి బేకరీకి గుడ్లు ఇచ్చినవాడు. వరద తర్వాత నెలల తరబడి అరువిచ్చాడు. ఆ బాకీ కూడా దివాలాలో కొట్టుకుపోయింది. ఒకరోజు పోస్టాఫీసు వరుసలో ఎదురుపడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఊళ్ళోనే ఉంటానని రాశావుగా. ఉన్నావు. మరి నా డబ్బేది?" అన్నాడు అందరూ వినేలా.

"ఇప్పుడు మీ ఒక్కరికే ఇవ్వకూడదు నార్మన్. ఒకరికిచ్చి ఒకరికి ఎగ్గొడితే చట్టం ఒప్పుకోదు."

"భలే చట్టం. నా కోళ్ళకు కూడా చదివి వినిపిస్తాను, మేత మానేస్తాయేమో."

వరుసలో ఎవరో నవ్వారు. హేజెల్ ముఖం కందిపోయింది. తల దించుకోలేదు, వరుస వదిలీ వెళ్ళలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడి, స్టాంపులు కొనుక్కుని, "వస్తాను నార్మన్" అని చెప్పి మరీ వెళ్ళింది.

తమ్ముడు గ్రేమ్ టైర్ల షాపు నడుపుతాడు. అక్క అవస్థ చూడలేక ఒక ఉపాయం తెచ్చాడు.

"అక్కా, మార్కెట్లో చిన్న కొట్టు నా పేరు మీద తీసుకుందాం. ఖాతా నాది, చెయ్యి నీది. ఎవడికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది కదరా."

"నీతులు తర్వాత చెబుదువుగాని. బడి పిల్లలకి బఠాణీలు వడ్డించుకుంటూ ఎన్నాళ్ళుంటావు?"

"వడ్డిస్తాను. నీ పేరు వెనకాల దాక్కుంటే నా పేరు ఎప్పటికీ బాగుపడదు. రేపు నీ పేరుకు ఏమైనా అయితే దానికి కూడా నేనే కారణమవుతాను."

గ్రేమ్‌కు కోపం వచ్చింది. కొన్నాళ్ళు మాటలు లేవు. ఆదివారం భోజనానికి పిలిస్తే వచ్చి, తిని, టెస్సాతో మాత్రమే మాట్లాడి వెళ్ళేవాడు.

దారి చూపించింది నస్రీన్. గురువారాల్లో మా ఊరి లైబ్రరీలో ఒక మూల బల్ల వేసుకుని పరపతి సంఘం పని చూసేది. సంఘమంటే సభ్యులు కొద్దికొద్దిగా దాచుకుని, అందులోంచే ఒకరికొకరు చిన్న అప్పులిచ్చుకునేది. హేజెల్ వెళ్ళి కుర్చీలో కూర్చుంటూనే, "నేను దివాలా తీసినదాన్ని. లేచి వెళ్ళమంటావా?" అంది.

"ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళలో సగం మంది అంతేనండీ. ముందు మీ పేరు ఓటర్ల జాబితాలో ఉందా?"

"ఓటుకీ అప్పుకీ ఏమిటమ్మా సంబంధం?"

"మీరు చెప్పిన చోటే ఉంటున్నారని బ్యాంకు అక్కడే చూస్తుంది. పాత దుకాణం చిరునామాలో ఉంటే మీరు గాల్లో ఉన్నట్టు లెక్క."

హేజెల్ పేరు పాత చిరునామాలోనే ఉంది. ఆ రోజే మార్పించింది. సంఘంలో వారం వారం కొంచెం దాచడం మొదలుపెట్టింది.

ఏడాది తిరిగాక దివాలా నుంచి విముక్తి అయింది. ఏదో జరుగుతుందనుకుంది, ఏమీ జరగలేదు. ఆ రోజు కూడా బడిలో పిల్లలకు చేపలు, బంగాళదుంప వేపుళ్ళు వడ్డించింది. విముక్తి అయినా దివాలా మచ్చ క్రెడిట్ రిపోర్టులో ఆరేళ్ళు ఉంటుందని నస్రీన్ ముందే చెప్పింది. ఈలోగా దాని పక్కన మంచి మాటలు పడుతూ ఉండాలంది. సంఘంలో చిన్న అప్పు తీసుకుని గడువుకు ముందే తీర్చమంది. తర్వాత, దెబ్బతిన్నవాళ్ళకే ఇచ్చే ఒక క్రెడిట్ కార్డు తీసుకోమంది. దాని వడ్డీ చూసి హేజెల్ కుర్చీలోంచి లేచిపోయింది.

"నన్ను ముంచిందే కార్డు. మళ్ళీ అదే తీసుకోమంటావా అమ్మాయ్?"

"నెల తిరక్కుండా మొత్తం కట్టేస్తే వడ్డీ పడదు. బస్సు పాస్ ఒక్కటే దాని మీద కొనండి, ఇంకేం వద్దు. ఈత రాక మునిగినవాళ్ళు ఒడ్డున కూర్చుంటే ఈత రాదు కదండీ."

బస్సు పాస్ ఒక్కటే కొనేది. కొన్న సాయంత్రమే డబ్బు కట్టేసేది. కార్డును పర్సులో పెట్టుకోకుండా గుండీల డబ్బాలో పడేసి ఉంచేది. కొంత సొమ్మిస్తే రిపోర్టు మీది మచ్చ మొత్తం తుడిచేస్తామని ఒకడు ఫోన్ చేస్తే, "మా బడిలో గిన్నెలున్నాయి, అవి తుడుస్తావా?" అని అడిగి పెట్టేసింది.

విముక్తి అయిన వారానికే ఆమె కోళ్ళ ఫారానికి వెళ్ళింది. కొండ ఎక్కి, గేటు దగ్గర నిలబడి, కవరు చాచింది.

నార్మన్ చేతులు జేబుల్లోంచి తియ్యలేదు. "చట్టం నిన్ను వదిలేసిందిగా. నేను కూడా లెక్కల్లో ఎప్పుడో కొట్టేశాను."

"చట్టం అడ్డు లేదిప్పుడు. ఇస్తే తప్పు లేదని కనుక్కునే వచ్చాను. ఒక్కసారే ఇవ్వలేను. నెలనెలా తెస్తాను."

"పోస్టులో పంపు. ఇంత దూరం ఎందుకు?"

"మీరు అందరి ముందూ అడిగారు. నేను మీ ముఖం చూసి ఇవ్వాలి."

ఆయన కవరు తీసుకున్నాడు. థాంక్స్ అనలేదు. ఆమె కూడా ఎదురుచూడలేదు. నెలనెలా కొండెక్కింది. ఒకసారి వాన కురుస్తుంటే ఆయన భార్య లోపలికి పిలిచి టీ ఇచ్చింది. ఆ తర్వాత నార్మన్ కూడా కుర్చీ చూపించడం మొదలుపెట్టాడు. బాకీ తీరిన నాడు డజను గుడ్లు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. ఆమె పర్సు తీస్తే వద్దనలేదు. డబ్బు లెక్క చూసుకుని జేబులో వేసుకున్నాడు. "ఆయన సంగతంతే" అని భార్య గుమ్మంలోంచి నవ్వింది.

ఏళ్ళు గడిచాయి. హేజెల్ బడి వంటగదికి పెద్ద అయింది. ఆరేళ్ళూ నిండిన వసంతంలో పక్క ఊరు బర్న్లీ మార్కెట్లో ఒక కొట్టు ఖాళీ అయిందని తెలిసింది. అద్దె మోయగలిగినంతే. వ్యాపార ఖాతా ఉంటే చాలన్నారు. టెస్సాను పక్కన కూర్చోబెట్టుకుని కంప్యూటర్లో బ్యాంకుకు దరఖాస్తు పెట్టింది. టీ కప్పు కింద పెట్టేలోపే కుదరదని జవాబొచ్చింది.

టెస్సా ఏడ్చేసింది. "ఇంకెన్నాళ్ళమ్మా? అన్నీ చేశావు కదా."

"అన్నీ చేశాను కాబట్టే కాదనడానికి వీల్లేదు. ఎందుకన్నారో కనుక్కుందాం. కళ్ళు తుడుచుకో, గురువారం లైబ్రరీ తీసే ఉంటుంది."

నస్రీన్ రిపోర్టు తెప్పించి చూసింది. దివాలా మచ్చ పోయింది. కానీ అడుగున ఒక బాకీ కూర్చుని ఉంది. బేకరీ పాత గ్యాసు బిల్లు. దాన్ని బాకీలు కొనే కంపెనీ ఒకటి ఎవరి దగ్గరో చవగ్గా కొనుక్కుని, దివాలా తర్వాత మూడేళ్ళకు కొత్తగా ఎగ్గొట్టినట్టు తేదీ వేసింది; అక్కడి నుంచి దానికీ మళ్ళీ ఆరేళ్ళు. నిజానికి ఆ బిల్లు దివాలాలోనే కలిసిపోయింది, దానితోపాటే రిపోర్టులోంచి పోవాలి.

హేజెల్ ఆ కంపెనీకి ఫోన్ చేసింది.

"మేడమ్, మా రికార్డులో బాకీ ఉన్నట్టే ఉంది" అన్నాడు అవతలివాడు.

"మీ రికార్డు తప్పని చెప్పడానికే చేశాను."

"పోనీ సగం కట్టేయండి. తీరినట్టు రాసుకుంటాం."

"లేని బాకీలో సగమెంత బాబూ?"

అతను ఆమెను ఇంకో విభాగానికి పంపాడు. వాళ్ళు దివాలా ఉత్తర్వు నకలు పంపమన్నారు. పంపింది. అందలేదన్నారు. మళ్ళీ పంపింది. అందింది కానీ చదవడానికి రావట్లేదన్నారు. ఈలోగా మార్కెట్ కొట్టు వేరే ఎవరో తీసుకున్నారు. గ్రేమ్ ఆదివారం భోజనం దగ్గర చిరాకుపడ్డాడు. అప్పటికి అక్కాతమ్ముళ్ళకు మాటలు కలిశాయి.

"ఆ సగం నేనిస్తాను, కట్టి పారేయక్కా. గుడ్లాయనకు కట్టక్కర్లేనిది కూడా కొండెక్కి మరీ కట్టావు. ఇక్కడికొచ్చేసరికి మొండికేస్తావేం?"

హేజెల్ కూర గిన్నె కింద పెట్టింది. "నార్మన్ గుడ్లు నేను వాడుకున్నానురా. ఆయన నష్టపోయాడు. వీళ్ళు చిత్తుకాగితాల ధరకు నా పేరు కొనుక్కుని, తేదీ మార్చి బెదిరిస్తున్నారు. ఇవాళ కడితే ఆ తేదీ నిజమని నేనే ఒప్పుకున్నట్టు. కట్టను."

"కొట్టు పోయిందిగా."

"ఇంకోటి వస్తుంది."

కంపెనీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసింది. గడువులోగా సరైన జవాబు రాకపోతే ఆర్థిక సంస్థల మీద ఫిర్యాదులు వినే అధికారికి రాసింది. మాట్లాడిన ప్రతి ఒక్కరి పేరూ అడిగి రాసుకునేది. ఒకమ్మాయి పేరు చెప్పనంటే, "నా పేరు అడ్డదిడ్డంగా రాశారు కదమ్మా, నీది నేను సరిగ్గా రాస్తాను, చెప్పు" అందట. మధ్యలో ఒకసారి మా షాపుకు తలనొప్పి మాత్రల కోసం వచ్చింది. మనిషి వాడిపోయి ఉంది.

"వదిలెయ్యకూడదూ? ఇంకో మూడేళ్ళలో దానంతటదే పోతుందిగా" అన్నాను.

"అప్పటికి నాకు అరవై దాటుతాయి. ఆ మూడేళ్ళు వాళ్ళకెందుకివ్వాలి?" అని మాత్రలకు డబ్బిచ్చి వెళ్ళింది.

చలికాలం మొదట్లో తీర్పు వచ్చింది. తప్పు కంపెనీదే, ఆ నమోదు తీసెయ్యాలని. కంపెనీ ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పింది. నస్రీన్ కొత్త రిపోర్టు తెప్పించింది. అందులో వరసగా వేళకు కట్టిన బస్సు పాస్ డబ్బులూ, తీర్చిన సంఘం అప్పులూ మాత్రమే ఉన్నాయి.

ఆ మార్కెట్లోనే ఇంకో కొట్టు ఖాళీ అయింది. ఈసారి హేజెల్ కంప్యూటర్లో దరఖాస్తు పెట్టలేదు. బర్న్లీలో బ్యాంకు శాఖకే వెళ్ళింది. అక్కడి అధికారి పోలార్డ్ అనే ఆమె, నెమ్మదైన మనిషి. అంతా విని, "మళ్ళీ బేకరీయేనా? పోయినసారి మునిగింది అందులోనే కదా" అంది.

"మునిగింది నదిలో. ఈ కొట్టు మార్కెట్ పై అంతస్తులో ఉంది. నది అక్కడిదాకా వస్తే మీ బ్యాంకు కూడా ఉండదు."

పోలార్డ్ నవ్వు ఆపుకుంది. "పొయ్యిలు?"

"కొనను. చర్చి వంటగది పొద్దుటిపూట అద్దెకిస్తున్నారు. అమ్మిందాంట్లోంచే సరుకు. అరువు సరుకు వద్దు."

"ఓవర్‌డ్రాఫ్ట్ అడిగారు మరి. అరువు వద్దంటూ అదెందుకు?"

"వాడను. కానీ ఉండాలి. అది లేని ఖాతాతో ఇన్నేళ్ళు బతికాను. ఎలా ఉంటుందో మీకు తెలియదు."

పోలార్డ్ ఫారాన్ని ముందుకు లాక్కుంది. తర్వాత చిన్న మొత్తానికి ఓవర్‌డ్రాఫ్ట్ రాసి, కాగితాలు ఇటు తిప్పింది. హేజెల్ ప్రతి పేజీ చదివి సంతకం పెట్టింది. వెనక వరుసలో ఉన్నవాళ్ళు గడియారాలు చూసుకున్నారు. అయినా తొందరపడలేదు.

దొరికిన రెండో కొట్టు మొదటిదానికంటే చిన్నది, మెట్ల పక్కన. తెరిచిన శనివారం నేనూ వెళ్ళాను. టార్టులు మధ్యాహ్నానికి ముందే అయిపోయాయి. పేస్టీలు కొన్ని మిగిలాయి, ఉప్పు కాస్త ఎక్కువైంది. అడిగినవాళ్ళకు ఆ మాట తనే చెప్పి ధర తగ్గించి ఇచ్చింది. గ్రేమ్ డబ్బాలు మోశాడు. టెస్సా కార్డు యంత్రం ఎలా పట్టుకోవాలో తల్లికి రెండుసార్లు చూపించి విసుక్కుంది.

ఇది జరిగి రెండేళ్ళవుతోంది. బడి ఉద్యోగం మానేసింది. పాత పనమ్మాయిల్లో ఒకామె మళ్ళీ ఆమె దగ్గర చేరింది. ఓవర్‌డ్రాఫ్ట్ ముట్టుకోలేదు. చర్చి వంటగది ఇరుకైపోయిందని, మార్కెట్ వెనక గదిలో సొంత పొయ్యి పెట్టుకోవాలని ఇప్పుడు అదే బ్యాంకులో అప్పుకు దరఖాస్తు చేసింది. జవాబు ఇంకా రాలేదు. నిన్న వెళితే టేపు పట్టుకుని గోడ కొలుస్తోంది. ఇవ్వరేమో అంటే, "ఇవ్వకపోతే ఎందుకివ్వరో అడుగుతాను. కాస్త ఆ చివర పట్టుకో, వంకర పోతోంది" అంది.